మరో చోట చూస్తున్నారు

టీవీ తెర మీద ఆ మాట మొదటిసారి కనిపించినప్పుడు సత్యశ్రీ పెద్దగా పట్టించుకోలేదు. 'మీ ఖాతాతో ఇప్పటికే మరో చోట చూస్తున్నారు. ఇక్కడ చూడాలంటే అక్కడ ఆపండి' అని ఉంది. రిమోట్ గట్టిగా నొక్కి చూసింది. మళ్ళీ అదే మాట. ఏదో నెట్ గొడవ అయ్యుంటుందనుకుని టీవీ కట్టేసి, వెనకగదిలో మగ్గం ముందు కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం కంచం పట్టుకుని హాల్లోకి వస్తే మళ్ళీ అదే. ఇంట్లో తను ఒక్కతే ఉంది. భర్త ఉదయభాస్కర్ ఎరువుల కంపెనీ సేల్స్‌లో పనిచేస్తాడు. ఆ రోజు సామర్లకోట వైపు వెళ్ళాడు. మరి చూస్తున్నది ఎవరు?

రాజమండ్రి దానవాయిపేటలో వాళ్ళుండేది మూడో అంతస్తు. సత్యశ్రీ ఇంట్లోనే బ్లౌజులకు మగ్గం వర్కు చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంచిన మెడ ఎత్తకుండా జరీ, పూసలు కుట్టే పనిలో ఆవిడకున్న తోడు ఆ యాప్ ఒక్కటే. మగ్గం చెక్కకు ఫోన్ ఆనించి ఏదో ఒక సిరీస్ పెట్టుకుంటుంది. నడుం నొప్పి పుడితే లేచి హాల్లోకి వచ్చి, మిగతాది టీవీలో చూస్తుంది.

చందా మొదట్లో ఒక మామూలు బ్లౌజు కుట్టుకూలి అంత ఉండేది. ఏటేటా పెంచుకుంటూ పోయి, ఇప్పుడు పట్టు బ్లౌజు మీద నిండుగా చేసిన వర్కు ఖరీదుకు తెచ్చారు. డబ్బు కట్టినవాళ్ళకు ప్రకటనలు ఉండవని చెప్పి అమ్మినవాళ్ళే, సరిగ్గా హంతకుడు తలుపు తీసే సమయానికి సబ్బు ప్రకటన వేయడం మొదలుపెట్టారు. తీరిక దొరికినప్పుడు చూద్దామని దాచుకున్న సినిమా, తీరిక దొరికేసరికి ఉండేది కాదు. ఉన్నా, దాని పక్కన 'అద్దెకు' అని కనపడేది.

అంత పెట్టి కొన్నది కాబట్టే, దాన్ని ఎవరో ఊరికే వాడుకుంటున్నారన్న ఆలోచన ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది.

పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు బయట ఒక్కరే, కింద అంతస్తులో ఉండే హారతి. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త కాకినాడలో ఉద్యోగం చేస్తూ శనివారాలు వస్తాడు. ఇంట్లో ఆవిడా, అత్తగారు సుబ్బాయమ్మా. రెండిళ్ళకీ ఎప్పటినుంచో ఒప్పందం ఉంది. సినిమాల యాప్ సత్యశ్రీ కడుతుంది, క్రికెట్టూ సీరియళ్ళూ వచ్చే యాప్ హారతి కడుతుంది, రెండూ ఇద్దరూ చూస్తారు. కూర గిన్నెలు ఎక్కీ దిగీ తిరిగే మెట్ల మీద పాస్‌వర్డ్‌లు కూడా అలాగే తిరిగేవి.

సాయంత్రం మెట్లు దిగి వెళ్ళింది. హారతి తలుపు సగం తీసి నిలబడింది.

"హారతీ, మన సినిమాల యాప్ మీ ఇంట్లో మధ్యాహ్నం ఎవరైనా చూశారా?"

"లేదక్కా. నేను స్కూల్లో ఉన్నాను, అత్తయ్యగారు పడుకున్నారట. ఏం?"

"ఏం లేదులే, ఊరికే."

లోపలినుంచి టీవీ మాటలు వినపడుతున్నాయి. వార్తలో, మరేదో తెలియలేదు. తెలియనిదాన్ని సత్యశ్రీ తనకు తోచినట్టు పూరించుకుంటూ పైకి వచ్చింది. తలుపు పూర్తిగా ఎందుకు తియ్యలేదు? 'ఏం?' అని అంత తొందరగా ఎందుకు అడిగింది?

ఆ తర్వాత ప్రతిదీ సాక్ష్యంలాగే కనిపించడం మొదలైంది. హారతి తమ్ముడు గణేష్‌బాబుకి సామర్లకోట స్టేషను రోడ్డులో సెల్ షాపు ఉంది. క్రితం నెల అక్కని చూడ్డానికి వచ్చి, ఆ ఇంటి టీవీ సరిచేసి వెళ్ళాడు. పాస్‌వర్డ్ కొట్టింది అతనే. సెల్ షాపుల్లో ఇలాంటి ఖాతాలు కుర్రాళ్ళకు అమ్ముతారని మగ్గం వర్కు కోసం వచ్చిన ఒకావిడ చెప్పనే చెప్పింది. అలా చూస్తే తన ఖాతాలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో! ఎవరో తెలియని మనుషులు చెప్పులు కూడా విడవకుండా తన హాల్లో కూర్చున్నట్టే అనిపించింది ఆవిడకు.

వారం తిరక్కుండా ఆ అనుమానం బయటపడింది. కూరగాయల బండి దగ్గర ఇద్దరూ బెండకాయలు ఏరుతున్నారు.

"మీ తమ్ముడికి మన పాస్‌వర్డ్ ఏమైనా ఇచ్చావా?" అంది సత్యశ్రీ, కాయలమీంచి చూపు తియ్యకుండానే.

"గణేష్‌కా? వాడికెందుకక్కా?"

"సెల్ షాపుల్లో ఇలాంటివి అమ్ముతారంట కదా. అందుకని అడిగాను."

హారతి చేతిలో బెండకాయలు బండి మీద పడేసింది. "నా తమ్ముడు నీ యాప్ అమ్ముకుని బతుకుతున్నాడంటావా?"

"అలా ఎక్కడన్నాను?"

"అన్నావక్కా. ఇప్పుడే అన్నావు."

బండివాడు తక్కెడ పట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. హారతి కూరలు కొనకుండానే వెళ్ళిపోయింది.

ఆ రాత్రే సత్యశ్రీ పాస్‌వర్డ్ మార్చేసింది. రిమోట్‌తో అక్షరాలు కొట్టడం ఆవిడకు చిరాకు కాబట్టి ఉదయభాస్కరే టీవీలో కొట్టాడు.

"కింద వాళ్ళకి చెప్పవా?" అన్నాడు.

"అడిగితే చెప్తాను."

వాళ్ళు అడగలేదు. తెల్లారి చూస్తే హారతి వాళ్ళ యాప్ ఇక్కడ పనిచెయ్యడం మానేసింది. తను మార్చినదానికి ఆవిడా మార్చింది, అంతే. అయినా సత్యశ్రీకి అది నేరం ఒప్పుకున్నట్టే తోచింది.

ఆ వారమంతా పెళ్ళి ఆర్డరు పనిలో ఆవిడ మగ్గం వదిలి లేవలేదు. హాల్లో టీవీ పెట్టిందే లేదు. దొంగ దొరికాడని నిశ్చింతగా ఉంది. ఆర్డరు అప్పగించిన రోజు నడుం వాల్చి, టీవీ పెట్టింది.

'మరో చోట చూస్తున్నారు.'

సోఫాలో లేచి కూర్చుంది. కొత్త పాస్‌వర్డ్ హారతికి తెలియదు, గణేష్‌బాబుకి తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు తను, ఇంకొకరు పాలకొల్లు వెళ్ళారు.

వెంటనే ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారు?"

"డీలరు కొట్లో. ఏం?"

"పక్కన ఎవరున్నారు?"

"యూరియా బస్తాలు" అన్నాడు ఉదయభాస్కర్ నవ్వుతూ.

సత్యశ్రీకి నవ్వు రాలేదు. అంత చప్పున జోకు ఎలా తోచింది? డీలరు కొట్లో కూర్చుని సినిమా చూసే మనిషి కాదాయన. పాలకొల్లు వెళ్ళినప్పుడు ఒక్కోసారి లాడ్జిలో ఉండిపోతాడు. లాడ్జిలో చూస్తున్నాడా? ఇంట్లో టీవీ ముందు పది నిమిషాలు కూర్చోని మనిషికి అక్కడ సినిమా ఎందుకు? ఎవరికి చూపించడానికి? పదహారేళ్ళ కాపురంలో ఏనాడూ రాని ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. వాటిని ఎవరో పంపినట్టు, తలుపు తీసి తను లోపలికి రానిచ్చినట్టు ఉంది.

మర్నాడు ఆయన ఇంటికొచ్చి స్నానానికి వెళ్ళగానే ఆయన ఫోన్ తీసింది. యాప్ కోసం వెతికింది. కనిపించలేదు. కనిపించకపోవడం ఇంకా అనుమానం పెంచింది. దాచిపెట్టే పద్ధతులుంటాయట. ఒక్కో పేజీ జరుపుతూ, మెసేజీలు కూడా తెరిచింది. తప్పని తెలుస్తూనే ఉంది, అయినా ఆపలేకపోయింది.

"ఏం వెతుకుతున్నావు?"

తువ్వాలు భుజాన వేసుకుని ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మన సినిమాల యాప్" అంది, ఫోన్ చటుక్కున మంచం మీద పెడుతూ.

"అది నా ఫోన్లోంచి తీసేసి చాలా రోజులైంది. ప్రకటనలు చూడ్డానికి డబ్బులు కూడా కట్టాలా అని." ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తెర మీద వాళ్ళ ఆఫీసు అమ్మాయి పంపిన స్టాకు వివరాలు తెరిచి ఉన్నాయి. "యాప్ మెసేజీల్లో ఉంటుందా, సత్యా?"

ఆవిడ మంచం మీద దుప్పటి సర్దడం మొదలుపెట్టింది.

"నన్ను అడిగుండాల్సింది."

"అడిగానుగా, ఫోన్లో."

"నువ్వడిగింది నా పక్కన ఎవరున్నారని."

గొంతు పెంచలేదాయన. చొక్కా వేసుకుని, టిఫిన్ తినకుండానే బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం సత్యశ్రీ మగ్గం ముందు కూర్చుంది కానీ సూది సరిగ్గా పడడం లేదు. ఫోన్లో సిరీస్ నడుస్తోంది. కాలింగ్ బెల్ మోగింది. సిరీస్‌ను అక్కడికక్కడే ఆపి, ఫోన్ చేత్తో పట్టుకునే వెళ్ళి తలుపు తీసింది. కొరియరు. ప్యాకెట్టు తీసుకుని, ఎలాగూ లేచాను కదా అని టీవీ పెట్టింది.

'మరో చోట చూస్తున్నారు.'

ఆవిడ చూపు తెర మీదనుంచి చేతిలో ఉన్న ఫోన్ మీదికి దిగింది. ఫోన్లో హీరోయిన్ నోరు సగం తెరిచి ఆగిపోయి ఉంది. సత్యశ్రీ ఫోన్లో యాప్ పూర్తిగా మూసేసింది. టీవీలో సిరీస్ మొదలైంది. ఫోన్లో మళ్ళీ తెరిచింది. ఈసారి ఆ మాట ఫోన్లో వచ్చింది. మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. ఇన్నాళ్ళూ మరో చోట చూస్తున్న మనిషి తనే.

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే, చాలాసేపు పాట వినిపించాక ఒక అబ్బాయి పలికాడు.

"మీ ప్లాన్‌లో ఇప్పుడు ఒక్క స్క్రీనే ఉందండి, మేడమ్. ఇంతకుముందు నాలుగుండేవి. నాలుగు కావాలంటే పై ప్లాన్‌కి మారాలి."

"ఎప్పుడు తగ్గించారు?"

"మొన్న రేటు మారినప్పుడేనండి."

"రేటు పెంచి, స్క్రీన్లు తగ్గించారా?"

"సేవల్ని మెరుగుపరచడంలో భాగంగానండి, మేడమ్. మెయిల్ పంపించాం."

సత్యశ్రీకి ఆ అబ్బాయి మీద కోపం రాలేదు. ఆ మాట ఎవరో రాసిస్తే చదువుతున్నాడని గొంతులోనే తెలుస్తోంది. ఫోన్ పెట్టేసింది. 'మీకు ఒక్క స్క్రీనే మిగిల్చాం' అని తెర మీద రాసుంటే సరిపోయేది. 'మరో చోట చూస్తున్నారు' అని రాశారు. ఆ చూసేవాళ్ళెవరో వెతుక్కునే పని తనకు వదిలేశారు.

సాయంత్రం ఉదయభాస్కర్ వచ్చాక జరిగినదంతా చెప్పింది. ఆయన విన్నాడు. "సరే" అన్నాడు. ఆ 'సరే'లో ఇంకా కొంత దూరం ఉంది. ఆవిడ ఆయన ముందే చందా రద్దు చెయ్యడానికి కూర్చుంది. నిజంగా వెళ్ళిపోతారా అని అడిగింది యాప్. అవునంటే, ఎందుకని అడిగింది. చివర్లో, ఆగిపోతే సగం ధరకే ఇస్తామంది.

"సగానికి ఇవ్వగలిగినవాళ్ళు అంత ఎందుకు తీసుకున్నారండీ?" అంది సత్యశ్రీ.

"అడిగినంతా కట్టాం కనక" అన్నాడాయన. పొద్దుటి గొడవ తర్వాత ఆవిడ వైపు తిరిగి ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఆవిడ రద్దు నొక్కేసి, చెప్పులు వేసుకుని కిందికి వెళ్ళింది.

తలుపు సుబ్బాయమ్మ తీసింది. సత్యశ్రీ నోరు తెరవకముందే ఆవిడే చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఈ గొడవంతా నా వల్లే వచ్చింది. మధ్యాహ్నం నిద్రపట్టక ఆ రిమోటు మీద ఎక్కడ నొక్కానో ఏమో. హారతికి చెప్పడానికి భయమేసి పడుకున్నానన్నాను. అప్పట్నుంచి దాన్ని ముట్టుకోలేదమ్మా, ఒట్టు."

"మీరేం చెయ్యలేదు పిన్నిగారూ. ఎవరూ ఏం చెయ్యలేదు. తప్పంతా నాదే."

హారతి దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి వచ్చింది. సత్యశ్రీ నిలబడే అంతా చెప్పింది, భర్త ఫోన్ వెతికిన సంగతితో సహా.

"నేనూ అనుకున్నాను" అంది హారతి. "ఆ మాట మా టీవీలోనూ వచ్చింది. మమ్మల్ని వదిలించుకోడానికి నువ్వే కావాలని చిన్న ప్లాన్‌కి మార్చుకుని, పైగా మామీద నెడుతున్నావని అనుకున్నాను."

"అయ్యో, హారతీ."

"గణేష్‌ని కూడా అడిగానక్కా. నువ్వంటే పరాయిదానివి. నేను అడిగాను, వాడి సొంత అక్కని. 'నిజంగా అమ్మావా?' అని. అప్పట్నుంచి వాడు ఫోన్ ఎత్తట్లేదు."

సత్యశ్రీ అక్కడే నంబరు తీసుకుని గణేష్‌బాబుకి ఫోన్ చేసింది. తెలియని నంబరు కాబట్టి ఎత్తాడు. తప్పు తనదేనని, క్షమించమని చెప్పింది. "పర్లేదండి. కస్టమర్లున్నారండి" అని పెట్టేశాడు. హారతి మొహంలో ఏ మార్పూ లేదు.

"ఒక్కటి అడుగుతాను. అంతమందిలో ముందు వాడిమీదే నీకు అనుమానం ఎందుకొచ్చింది?"

సత్యశ్రీ జవాబు కోసం వెతుక్కుంది. దొరికినవేవీ పైకి చెప్పదగ్గవి కావు. హారతి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

సుబ్బాయమ్మ సోఫా చూపించి కూర్చోమంది. గొంతు తగ్గించి అడిగింది. "అమ్మాయ్, ఆ లాంచీ ఓనరు కథ చూస్తుంటే మధ్యలో పోయింది. వాళ్ళ రెండో కోడలు ఏమైంది? వాడే చంపేశాడా?"

ఆ సిరీస్ సత్యశ్రీ పూర్తిగా చూసింది. "లేదండీ, ఆవిడ బతికే ఉంది" అంటూ మొదలుపెట్టింది. కోడలు ఎలా తప్పించుకుందో, ఏ ఊరు చేరిందో, మరిది ఆవిడని ఎలా పోల్చుకున్నాడో చెబుతుంటే సుబ్బాయమ్మ ముందుకు వంగి వింటోంది.

"పోల్చుకుంది మరిది కాదు" అంది హారతి వంటింట్లోంచి. "లాంచీ డ్రైవరు."

"డ్రైవరా?"

"డ్రైవరే. మరిది అప్పటికే జైల్లో ఉన్నాడు."

హారతి మూడు గ్లాసులతో వచ్చింది. సత్యశ్రీకి ఎదురుగా కూర్చోలేదు కానీ, అత్తగారి కుర్చీ వెనక నిలబడి, "ఆ తర్వాత చెప్పు" అంది.