చీలిన చెవి రాజు

నలభై ఒకటో బస్తాను కాటా మీదికి లాగి, ముల్లు నిలిచేదాకా తూకం మనిషి ఊపిరి బిగబట్టాడు. ఊపిరి తగిలినా ముల్లు కదులుతుందని ఇరవై ఆరేళ్లుగా అతని నమ్మకం.

బస్తాల నిండా ఒకే రకం బిళ్ళ. ఊళ్ళన్నీ తిరిగి, రద్దయిపోయి, కరగడానికి మళ్ళీ టంకశాలకే వచ్చింది. ఒకవైపు అంకె. రెండోవైపు పక్కకు తిరిగిన పాతకాలపు రాజు: పెద్ద ముక్కు, లోపలికి పోయిన గడ్డం, తమ్మె దగ్గర చీలిన చెవి.

ఆ ముఖం తూకం మనిషిది.

రాజు ఎలా ఉండేవాడో ఎవరికీ తెలియదు. నాణేల అచ్చు చెక్కే పెద్దాయన, గడువు ముంచుకొస్తుంటే, గోదాములో కొత్తగా చేరిన ఇతన్ని పిలిచి పక్కకు తిరిగి కూర్చోమన్నాడు. "ఎక్కడైనా నోరు జారావో, నా కొలువు పోతుంది బాబూ" అన్నాడు. పెట్టుబడి పదకొండు రోజుల మెడనొప్పి, రాబడి పదకొండు కప్పుల టీ. నష్టపు బేరమని తెలిసే మాట ఇచ్చాడు. మర్నాటి నుంచి చెవులు మూసే ఉన్నిటోపీ తగిలించాడు. నడివేసవిలోనూ తియ్యలేదు. పెళ్లి మాటలకు వెళ్లినప్పుడూ తియ్యలేదు. బట్టతల కాబోలనుకుని పిల్ల తండ్రి మాట మార్చేశాడు. తరవాత ఇంకెవరూ అడగలేదు.

పెద్దాయన పోయి నెలయింది. ఇక మాట తప్పినా నష్టపోయేవాడు లేడు. నిజం తెలిసినవాడూ లేడు. సాయంత్రానికి బస్తాలన్నీ కొలిమికి పోతాయి. ఈలోపు ఒక్కరు, ఒక్కసారి, "ఇది నువ్వే కదా" అంటే చాలు, లెక్క సరిపోతుంది.

ఎదుటి బల్ల దగ్గర గుమాస్తా తూకం చిట్టా రాస్తున్నాడు.

"ఈ చెవి యుద్ధంలో కత్తివేటుకి తెగిందట బాబాయ్! మా అమ్మాయి పరీక్షలో అదే రాసి రెండు మార్కులు కొట్టేసింది."

"కత్తి కాదురా. త్రాసు కొక్కెం."

"ఏంటీ? రాజుగారు కొట్టు కూడా నడిపారా?"

"మా మేనమామ కొట్టు. ఏడేళ్లప్పుడు చీరుకుపోయింది."

గుమాస్తా పడీ పడీ నవ్వాడు. "నీకూ రాజుకీ మేనమామ ఒక్కడేనన్నమాట! సరేగానీ, బస్తా ఎంత తూగింది?"

తూకం మనిషి టోపీ తీశాడు. చెవులకు చల్లగా గాలి తగిలింది. ఎడమ చెంప గుమాస్తా వైపు పెట్టి, ఆనాడు కూర్చున్నట్టే గడ్డం కాస్త ఎత్తి, కదలకుండా నిలబడ్డాడు.

గుమాస్తా ఒక్క క్షణం తలెత్తి, మళ్ళీ చిట్టాలో పడ్డాడు.

"మెడ పట్టేసిందా బాబాయ్?"

"ఆఁ, పట్టేసింది" అన్నాడతను. "ఇరవై అయిదు కిలోలు. రాసుకో."

పొద్దు వాలకముందే గదికి చేరాడు. జేబులో మిగిలిన ఒక్క బిళ్ళను కిటికీ గట్టు మీద పెట్టాడు. టోపీని మేకుకు తగిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పనికి రాలేదు. అది అతని మొదటి నాగా. మధ్యాహ్నం గుమాస్తా వెతుక్కుంటూ వస్తే, గది అద్దెకిచ్చిన ఇంటావిడ తలుపు గడియ ఊడగొట్టించింది. అతను పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. ఒళ్ళు చల్లబడి చాలాసేపయింది.

"అయ్యో, ఆ చెవి ఎప్పుడు తెగిందో! ఇన్నేళ్లుగా ఉన్నాడు, నేనెప్పుడూ చూడనేలేదు" అంది ఇంటావిడ.

గుమాస్తా గట్టు మీది బిళ్ళ తీశాడు. బిళ్ళను చూశాడు, మంచం వైపు చూశాడు, మళ్ళీ బిళ్ళను చూశాడు. జేబులో వేసుకోబోయి, చెయ్యి రాక, తీసినచోటే చప్పుడు కాకుండా పెట్టేశాడు.

ఇక ఏ కొట్లోనూ చెల్లని బిళ్ళ. రాజు ముఖం పైకి ఉంది.