తగ్గని నూనె

మా ఆయన ఆరిన్ కారు కొన్నాడు, దాని చాకిరీ నా నెత్తిన పడింది. అయోవాలో ఊరూరా తిరిగి పాలమీగడ తీసే యంత్రాలు అమ్ముకునే మనిషికి కారు అవసరమే, కాదనను. కానీ పొద్దున్నే దాని కింద దూరి పడుకోవలసింది మాత్రం నేను. తన చొక్కాకి మరక పడితే రైతులు యంత్రం కొనరట. నా గౌనుకి మరక పడితే దెబ్బతినే వ్యాపారం ఏదీ లేదు కదా.

అది 1912 వేసవి. అప్పటి కారు ఎక్కి కూర్చోగానే కదిలే రకం కాదు. చక్రాల దగ్గర, స్ప్రింగుల చివర్లలో, స్టీరింగు కీళ్ళ దగ్గర ఇత్తడి మూతల చిన్న చిన్న గిన్నెలు ఉండేవి. వాటినిండా గ్రీజు కూరి, బయల్దేరే ముందు ఒక్కో మూతనీ కాస్త బిగించాలి. బిగించిన కొద్దీ గ్రీజు కీలులోకి దిగుతుంది. గిన్నె లేని చోట నూనె చుక్కలు వేయాలి. ఇదంతా అయ్యాక ఇంజను సంగతి. ఇంజను అడుగున పళ్ళెంలాంటి దాంట్లో నూనె నిలవుంటుంది. ఆ పళ్ళేనికి వెనక వైపు ఒక బుల్లి కుళాయి. తిప్పితే నూనె కారాలి. కారితే సరిపడా ఉన్నట్టు, కారకపోతే పైనుంచి పోయాలి.

మా కారుకి ఎప్పుడు తిప్పినా కారేది. మా కొంపకి తంటా అక్కడే మొదలైంది.

మొదట్లో సంబరపడ్డాం. డాక్టరు గారి కారు వారం తిరక్కుండా డబ్బా నూనె తాగేది. బ్యాంకాయన కారు ఇంకా ఎక్కువ తాగేది. మాది మాత్రం చుక్క తగ్గదు. ఆరిన్ చర్చి మెట్ల మీద నిలబడి గొప్పలు చెప్పుకున్నాడు. డాక్టరు గారి భార్య నన్ను అదోలా చూసింది. కొన్నాళ్ళు పోయాక ఆ చూపు ఆరిన్‌కే వచ్చింది.

"విన్నీ, నిజం చెప్పు. నాకు తెలీకుండా రోజూ నూనె పోస్తున్నావా?"

"పోస్తే పోశానని చెప్పడానికి నాకేం భయం? కుళాయి తిప్పుతున్నా, కారుతోంది, కట్టేస్తున్నా."

"అంత తిరిగిన ఇంజను నూనె తాగకుండా ఎలా ఉంటుంది? గాలి పీల్చి బతుకుతోందా?"

"నన్నడుగుతావేం? కొన్నవాడివి నువ్వు, దాన్నే అడుగు."

ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఆరిన్ కాదు, నేను కాదు. మిగిలింది మా మామగారు జేబెజ్.

మామగారు ఒకప్పుడు ఊళ్ళో అద్దె గుర్రాల శాల నడిపారు. పెళ్ళికైనా చావుకైనా ఆయన బండే. కార్లు వచ్చాక గుర్రాలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. చివరికి మిగిలిన ముసలి గుర్రం జూనో కిందటి చలికాలం పోయింది. దాని కొట్టంలోనే, గడ్డి తొట్టి వైపు మూతి పెట్టి, అప్పుడు కారు నిలబడేది. మామగారు మాత్రం ఎప్పటిలాగే పొద్దంతా ఆ శాలలోనే కూర్చునేవారు. ఓ రోజు చీపురు పట్టుకుని కారు పక్కన నిలబడి, "కాస్త జరగవే జూనో" అన్నారు. అది వేళాకోళమో మరుపో నాకు తెలియలేదు. ఆయన మొహం చూసి అలాంటివి చెప్పడం కష్టం. కళ్ళజోడు రొట్టెల పెట్టెలో పెట్టి ఇల్లంతా వెతికిన రోజులు కూడా ఉన్నాయి. అలాంటి రోజులు నాకూ ఉన్నాయనుకోండి, కానీ నావి ఎవరూ లెక్కపెట్టరు.

"నాన్నే పోస్తున్నాడు. పోసి మరిచిపోతున్నాడు" అన్నాడు ఆరిన్.

రాత్రి భోజనాల దగ్గర అడిగాడు కూడా. మామగారు మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ నవ్వేశారు.

"నేనెందుకు పోస్తాన్రా? అది నన్ను చూసి ఏనాడైనా సకిలించిందా?"

"కాస్త గుర్తు తెచ్చుకో నాన్నా."

"గుర్తు తెచ్చుకోడానికి చేసుండాలి కదరా."

మర్నాడూ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అదే. ఆరిన్ ఏదైనా పట్టుకుంటే వదలడు. నూనె డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి గడియారం గొలుసుకి తగిలించుకున్నాడు. కీళ్ళకి వేసే నూనె కూడా నాకు తనే కొలిచి ఇచ్చేవాడు, పసిపిల్లకి మందు పోసినట్టు. అయినా కుళాయి తిప్పితే కారింది. ఆరిన్ వంగి, ఆ చుక్కల్ని అరచేతిలో పట్టి, వాసన చూసి, నా వైపు చూశాడు. నేను కుళాయి కట్టేశాను.

నాకూ బుర్ర తిరిగిపోయేది. నూనె ఎక్కువైతే వెనక గొట్టంలోంచి నీలం పొగ రావాలి. పొగ లేదు. ఎవరూ పోయకపోతే చుక్క ఆగాలి. చుక్క ఆగదు. గ్రీజు చేతులతో శాల గుమ్మంలో నిలబడి ఈ రెండింటినీ కలపడానికి చూసేదాన్ని, కలిసేవి కావు. లోపలికి వెళ్ళి మామగారి పెట్టె కింద, గడ్డి తొట్టిలో, జీను వెనక, ఇంకో డబ్బా ఉందేమోనని వెతికాను. ఆయన చుట్ట కాలుస్తూ చూస్తున్నారు.

"ఏం పోగొట్టుకున్నావమ్మాయ్?"

"ఏం లేదు మామయ్యా."

"నూనె డబ్బాయేనా?"

ఆయన లేచి నాతో పాటు వెతకడం మొదలుపెట్టారు. తను దాచలేదని తెలిసిన మనిషి ఎందుకు వెతుకుతాడు?

ఆరిన్ కిరాణా కొట్టుకి వెళ్ళి వాకబు చేశాడు. మీ నాన్న పొగాకు తప్ప ఏమీ కొనలేదని కొట్టాయన చెప్పాడు. మరొకడైతే అక్కడితో ఆగేవాడు. మావాడు ఇంటికొచ్చి, "చూశావా, ఎక్కణ్ణుంచి తెస్తున్నాడో కూడా ఎవరికీ తెలీదు" అన్నాడు. ఈ తర్కానికి ఎదురు చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు.

"ఇవాళ నూనె, రేపు పొయ్యి. రాజేసి మరిచిపోతే ఇల్లు తగలబడుతుంది. ఎడ్నా దగ్గరికి పంపిద్దాం" అన్నాడు.

ఎడ్నా మా ఆడపడుచు. డిమోయిన్ నగరంలో మేడ మీద కాపురం. కింద రాత్రీ పగలూ ట్రాములు. ఆవిడ ఇంట్లో కుక్కని కూడా గుమ్మం దాటనివ్వదు. మామగారికి మూడో అంతస్తులో ఒక గది, ఒక కిటికీ ఇస్తుంది. కాలి కింద మన్ను లేని చోట ఆయన ఒక్క చలికాలం కూడా బతకరని నాకు ఖాయంగా తెలుసు. ఆ మాటే ఆరిన్‌తో అన్నాను. "నాకు మాత్రం ఇష్టమా?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆరిన్ మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. దేన్ని పట్టుకోవాలో తెలియక గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయాను.

ఆదివారం భోజనాల దగ్గర ఆరిన్ మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. అడగకముందే మామగారు ఫోర్కు కింద పెట్టేశారు.

"నేనేరా. నేనే పోస్తున్నాను."

ఆరిన్, "ఎందుకు నాన్నా?" అన్నాడు మెల్లగా.

"ఏమో. పోశాను."

అంతే. మర్నాడే ఆయన పెట్టె సర్దాను. శుక్రవారం రైలు. జూనో కళ్ళెం కూడా పెట్టమన్నారు, పెట్టాను. ఆయన పోస్తున్నారని నమ్మాలా? నమ్మితే ఆ నూనె ఎక్కడిది? నమ్మకపోతే ఈయన ఎందుకు ఒప్పుకున్నట్టు? సర్దుతున్నంతసేపూ ఇదే గొడవ.

గురువారం నాడు ఆరిన్ నన్ను కూడా తీసుకుని పక్క ఊరి పాల కేంద్రానికి బయల్దేరాడు. పొద్దున్న కుళాయి తిప్పితే కారింది, ఎప్పటిలాగే. ఏటి అవతల గట్టు ఎక్కుతుంటే ఇంజనులో టకటకమని చప్పుడు మొదలైంది. తలుపు మీద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఉంది. తర్వాత ఒక్క మూలుగు, ఆగిపోయింది. కంచర గాడిదల బండితో వస్తున్న రైతు ఒకడు మమ్మల్ని చూసి, పళ్ళికిలించి, "దీనికి దాణా పెట్టలేదా ఏంటండీ?" అన్నాడు. ఆ గాడిదలే మమ్మల్ని లాక్కొచ్చాయి. ఊరంతా చూసింది. డాక్టరు గారి భార్య కూడా.

కమ్మరి నెల్స్ ఈమధ్యే కార్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. తన షెడ్డులో కారు కిందికి దూరి కుళాయి తిప్పాడు.

"నూనె లేదమ్మా" అన్నాడు.

"లేకపోవడమేంటి? పొద్దున్నే చూశాను, బాగా కారింది!"

"కావాలంటే వచ్చి చూడండి."

నేనూ దూరాను. కుళాయి తెరిచే ఉంది. ఒక్క చుక్క లేదు. కింద మూత ఊడదీస్తే గుక్కెడు నల్లటి నూనె పడింది, అంతే. ముందు వైపు బేరింగు ఎండి, కరిగిపోయిందన్నాడు. పొద్దున్న కారి ఇప్పుడు లేకపోవడం ఏమిటో, దారిలో ఎక్కడైనా ఒలికిందేమో, తనకీ అర్థం కావడం లేదన్నాడు. ఆరిన్ నా వైపు చూశాడు. ఇప్పుడిక నన్ను పంపిస్తాడు కాబోలు ఎడ్నా దగ్గరికి, అనుకున్నాను.

ఇంటికి నడిచి వచ్చేసరికి నా ఒళ్ళు మండిపోతోంది. తిన్నగా శాలలోకి వెళ్ళాను. రేడియేటరు కోసం పెట్టుకున్న బకెట్టు నీళ్ళు కాలికి అడ్డమొచ్చింది. దాన్ని ఒక్క తన్ను తన్నాను. నీళ్ళు కారు నిలబడే చోట పడి, అక్కడ ఆగకుండా, పరిగెత్తినట్టుగా వెనక ఉన్న కాలవలోకి వెళ్ళిపోయాయి.

"ఆరిన్!" అని అరిచాను.

గుర్రపు కొట్టం నేల అది. గుర్రం ఉచ్చ పోస్తే నిలవకుండా వెనక్కి పోవాలని వాలుగా పరుస్తారు. తొట్టి వైపు ఎత్తు, కాలవ వైపు పల్లం. రాత్రంతా ఆ వాలులో నిలబడ్డ కారులో నూనె మొత్తం వెనక్కి చేరి కుళాయి దగ్గర కాచుకుని కూర్చుంటుంది. గుక్కెడే ఉన్నా సరే, తిప్పితే కారుతుంది. రోడ్డెక్కాక ముందున్న బేరింగుకి తడి కూడా అందదు. నూనె రోజూ తగ్గుతూనే ఉంది. ఎవరూ ఏమీ పోయలేదు.

ఆరిన్ ఆ నీళ్ళ చార వెంట కాలవ దాకా నడిచి చూశాడు. తర్వాత దాదాపు పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వెళ్ళాడు. మామగారు తన గదిలో, సర్దిన పెట్టె పక్కనే మంచం మీద కూర్చుని ఉన్నారు, అప్పుడే కోటు కూడా వేసుకుని.

"నాన్నా, నువ్వు పోయలేదు! నేల వాలు వల్ల అలా కనిపించింది. ఎవరూ పోయలేదు నాన్నా."

"పోశాన్రా."

"లేదంటుంటే! ఆ వాలు..."

"వాలు సంగతి నాకు చెప్తావేంట్రా? ఆ నేల పరిచింది నేనే" అన్నారు మామగారు. "అయినా పోశాను."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. "మా నోరు మూయించడానికి అలా అన్నారు కదూ మామయ్యా?" అన్నాను. అవునంటారని ఎంత ఆశపడ్డానో.

"మొదట అందుకేనమ్మాయ్. రోజూ అడుగుతున్నాడు, అవునంటే ఊరుకుంటాడనుకున్నా. కానీ మీరు అడిగినప్పుడల్లా, పోస్తే ఎలా పోసుంటానా అని ఆలోచించేవాణ్ణి. ఇప్పుడు కనిపిస్తోంది. డబ్బా చల్లగా ఉంది. బొటనవేలికి నూనె అంటింది. జేబురుమాలు తీసి తుడుచుకున్నాను." జేబులోంచి రుమాలు తీసి విప్పి చూశారు. తెల్లగా ఉంది. తిరగేసి చూశారు, అటూ తెల్లగానే ఉంది. "చేసింది మరిచిపోతే ముసలితనం అంటారు. చేయనిది గుర్తుంటే ఏమంటారమ్మాయ్?"

ఆరిన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను రుమాలు మడిచి మామగారి జేబులో పెట్టాను.

మామగారు వెళ్ళలేదు. పెట్టె నేనే విప్పాను. ఎడ్నాకి టెలిఫోనులో చెబితే, "అయ్యో" అంది, చాలా తేలిగ్గా. కారుని ఇప్పుడు పెరట్లో చదునైన చోట పెడుతున్నాం. నూనె మామూలుగానే తగ్గుతోంది, మామూలుగానే పోస్తున్నాను. ఆరిన్ తండ్రిని ఇక ఒక్క ప్రశ్న కూడా అడగడు.

అడిగేది మామగారే. భోజనం చేశానా అని, తలుపు వేశానా అని. మరిచిపోయి కాదు, గుర్తున్నదాన్ని నమ్మలేక. ఇప్పుడు చలికాలం. నిన్న పొద్దున్న మంచులో తిరిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. బూట్లు తడిసి నీళ్ళు కారుతున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్, నేను బయటికి వెళ్ళొచ్చానా?"

"వెళ్ళొచ్చారు మామయ్యా."

"నువ్వు చూశావా?"

నేను పొయ్యి దగ్గర ఉన్నాను, చూడలేదు. "చూశాను" అన్నాను. అప్పుడు గానీ ఆయన వంగి బూట్ల తాళ్ళు విప్పుకోలేదు.