చెయ్యి అడ్డం పెట్టుకున్న గోడ

"గోడకి ఆనుకుని నిలబడటం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్నాడు మా ఆయన, నేను అంట్లు తోముతుంటే. నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వినప్పుడే ఎక్కువ భయపడాలని పదహారేళ్ల కాపురంలో నేర్చుకున్నాను.

నా ఉద్యోగం బొమ్మల గ్యాలరీలో. బయటి గోడ నిండా చుట్టుపక్కల ఆడవాళ్ల చేతే బొమ్మలు వేయించాలని గ్యాలరీవాళ్లు తలపెట్టారు. 'ఇంటి వెలుగు' అని పేరు కూడా ముందే పెట్టేశారు. ఆ వెలుగుల్ని పోగుచేసి తేవడం నా పని. మా వీధి నుంచి పదిమందిని తెచ్చాను, నాతో పదకొండు. మాకు బొమ్మలు రావు కాబట్టి పద్ధతి తేలిగ్గా పెట్టారు. ఒకరు గోడకి ఆనుకుని నిలబడాలి, ఇంకొకరు ఆ మనిషి చుట్టూ బొగ్గుతో గీత గీయాలి. రంగు తర్వాత.

ముందు నేనే నిలబడ్డాను. గీసేది మా పక్కింటి ఇస్త్రీ వదిన. బొగ్గు పట్టుకున్న చెయ్యి నా తల దగ్గరికి లేచిందో లేదో, నా చెయ్యి దానంతటదే మొహానికి అడ్డం వచ్చింది. భుజం ముడుచుకుంది. మెడ లోపలికి పోయింది. మూడుసార్లు నిటారుగా నిలబడబోయాను, మూడుసార్లూ అంతే. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ, వదినకి అన్నీ వినిపిస్తాయి. "ఉండు, ఉన్నది ఉన్నట్టే గీస్తా," అంది.

తర్వాత టీకొట్టు పిన్ని, ఆ తర్వాత నర్సమ్మ. సాయంత్రానికి పదకొండు మందిలో ఏడుగురం చెయ్యి అడ్డం పెట్టుకుని గోడెక్కాం. "మన వీధి ఆడాళ్లకి ఎండ మరీ ఎక్కువ తగుల్తున్నట్టుంది," అంది పిన్ని. పడీ పడీ నవ్వాం. నవ్వీ నవ్వీ నర్సమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

గ్యాలరీ డైరెక్టరమ్మ వచ్చి చాలాసేపు చూసింది. చదువుకున్న మనిషి, అర్థం కాలేదనుకోను. "చేతులు బాగా వచ్చాయి. కాస్త పైకి జరిపి తలమీద కుండలు పెట్టేద్దాం. నీళ్లు తెస్తున్నట్టుంటుంది," అంది. నిలబడ్డ మనిషి సంతకం పెట్టనిదే ఆ మనిషి గీతని ఎవరూ మార్చకూడదని ఒప్పందం. రేపు చెప్తామన్నాను.

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. "నా పరువు బజారు గోడకి ఎక్కించావంట," అన్నాడు మా ఆయన. "రేపు వెళ్లి అది కుండేనని చెప్పి సంతకం పెట్టు."

"అది కుండ కాదు," అన్నాను. అంతే అన్నాను.

నా కుడిచెయ్యి పట్టి గుమ్మానికి ఆనించి తలుపు మూశాడు. మళ్లీ తెరిచి మళ్లీ మూశాడు. రెండు వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మా అత్తగారు కిటికీ వేసొచ్చి, "వాడు కోపిష్టోడని తెలిసీ కెలుకుతావెందుకే? ఇప్పుడు వంటెవరు చేస్తారు?" అంది.

పొద్దున్నే కట్టుతో గోడ దగ్గరికి వెళ్లాను. "అయ్యో, చేతికేమైంది?" అంది డైరెక్టరమ్మ.

"మా ఆయన విరిచాడు." పదహారేళ్లలో ఆ మూడు ముక్కలూ బయటికి అనడం అదే మొదలు.

ఆమె చేతిలో కాగితం చూసుకుంది. "ఈ గోడ చిన్నపిల్లలు కూడా చూస్తారమ్మా."

"వాళ్లు ఇళ్లలో చూస్తూనే ఉన్నారు మేడమ్."

"నీ ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకో," అంది మెల్లగా.

ఆలోచించాను. గోడవైపు చూస్తే మా తప్పు కనిపించింది. కాచుకునేవాళ్లని గీశాం, కొట్టేవాళ్లని గీయలేదు. ఎవరి పక్కన చూసినా ఖాళీయే. ఆ ఖాళీ వదిలాం కాబట్టే ఎవరొచ్చినా మా నెత్తిన కుండ పెట్టగలుగుతున్నారు. ఇన్నేళ్లూ ఇంట్లోనూ అదే చేశాను. కమిలిన చోట మెట్టు తగిలిందన్నాను, తలుపు తగిలిందన్నాను. తలుపు ఎవరు మూశారో మాత్రం చెప్పలేదు.

"సంతకం పెట్టను. బొమ్మ ఇంకా సగమే అయింది," అని బొగ్గు తీసి ఇస్త్రీ వదినకి ఇచ్చాను. ఆమె ఎందుకని అడగలేదు. నిచ్చెన ఎక్కి, నా పక్కనున్న ఖాళీలో వాడి భుజాలు గీసింది. ఎత్తిన చెయ్యి గీసింది. వెనక టీకొట్టు పిన్ని ఇంకో బొగ్గు ఏరుకుంటోంది. మెడ దాకా వచ్చాక వదిన చెయ్యి ఆపి కిందికి చూసింది.

"మొహం కూడా గియ్యాలా?"

"గియ్యి," అన్నాను. "పోలిక తప్పకూడదు."