మొగ్గలు తుంచే ఏడాది

మా అక్క చేతికి మహిమ ఉందట. ఆ మాట అక్కే చెబుతుంది, అక్క బ్యూటీ పార్లర్‌కి వచ్చే ఆడవాళ్ళూ చెబుతారు. నాన్న పెంచిన అజేలియా బోన్సాయ్ ఆయన పోయాక ఎప్పుడు పూసినా అక్క దగ్గరే పూసింది, నా దగ్గర ఒక్కసారీ పూయలేదు మరి. కొందరి చేతికి మొక్క లొంగదులే చిట్టీ, ఏం చేస్తాం అని అక్క నా భుజం తట్టి జాలిపడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నోరు మాత్రం మెదిపేదాన్ని కాదు.

నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఆ చెట్టు మూరెడు ఎత్తు కూడా ఉండదు గానీ మొదలు నా మణికట్టు కంటే లావు. నాన్న పోయాక దాన్ని ఒక ఏడాది అక్క దగ్గర, ఒక ఏడాది నా దగ్గర ఉంచుకుందామనుకున్నాం. పెద్దది కాబట్టి ముందు అక్క తీసుకుంది. ఆ ఎండాకాలం మొదట్లో అది ఆకు కనపడకుండా పూసింది. పూలన్నీ అయిపోయాక అక్క తెచ్చి నాకిచ్చింది. అప్పట్నుంచి అదే వరస. పూసే ఏడాది అక్కది, పూసి అలిసిన చెట్టుకి చాకిరీ చేసే ఏడాది నాది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దవాళ్ళు.

ఇందులో అక్కకి తెలియని సంగతి ఒకటుంది. అజేలియా ఏటేటా విరగబూస్తే తొట్టిలో ఎక్కువకాలం బతకదు, ఉన్న బలమంతా పూలకే పెట్టేస్తుంది. అందుకని నాన్న ఏడాది విడిచి ఏడాది చలికాలంలో మొగ్గలన్నీ తుంచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని, గడియారంలో ముల్లు తీసినంత జాగ్రత్తగా, ట్వీజర్‌తో ఒక్కొక్కటీ తీసేవాడు. నేను పక్కన పీట వేసుకుని చూసేదాన్ని. చిన్నప్పుడు అక్క ఒకసారి అది చూసి ఇల్లెగిరిపోయేలా ఏడ్చి రెండు పూటలు భోజనం మానేసింది. పురుగు పట్టిందే, అందుకే తీశానే అని నాన్న సర్దిచెప్పాడు. ఆ తర్వాత అక్క ఇంట్లో లేనప్పుడే తుంచేవాడు. పూయని ఏడాది చెట్టు అలిగిందనేవాడు, అక్క నమ్మేది.

"అక్కకి చెప్పకు, అది తట్టుకోలేదు," అనేవాడు నాతో. నేను తట్టుకోగలనని ఆయనకెవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు.

నాన్న పోయాకైనా చెప్పేయొచ్చు కదా అంటారేమో. చెబితే అక్క తుంచనివ్వదు, చెట్టు దక్కదు. అదొకటి. పైగా పూలున్న నెలంతా చెట్టుని పార్లర్ అద్దం ముందు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించుకుని అక్క మురిసిపోతుంది. అలాంటి మనిషితో అది నీ చేతి మహిమ కాదే తల్లీ, నా చేతి తుంపుడు అని ఎలా చెప్పను? కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను. నిజానికి దురద ఉన్నది నాకే.

నేను హోటల్ లాండ్రీలో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుప్పట్లు ఇస్త్రీ మిషన్లోకి తోయడం, అటువైపు వచ్చినవి మడత పెట్టడం. ఇంటికొచ్చేసరికి చేతులు నావి కానట్టుంటాయి. అయినా చెట్టు పని చెట్టుకి ఉంటుంది. మా కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, అజేలియాకి పడదు. వాన నీళ్ళే పోయాలి. వాన పడినప్పుడు కింద గొట్టం దగ్గర డ్రమ్ము పెట్టి పట్టి, బకెట్లతో మూడో అంతస్తుకి మోసుకొస్తాను. మా ఆయన ఆ చెట్టుని మామగారంటాడు. మామగారు నీళ్ళు తాగారా, మామగారికి ఎండ తగిలిందా అని అడుగుతాడు గానీ బకెట్ మాత్రం అందుకోడు.

ముందటేడు ఎండాకాలం చెట్టు నా దగ్గరికి వచ్చినప్పుడు దాని అవతారం చూసి ఇక బతకదనుకున్నాను. కొమ్మల నిండా హెయిర్ స్ప్రే వాసన. వాడిన పూలు తీసేయలేదు, కొన్ని కాయలు కూడా కట్టాయి. ఆ ఏడాది పార్లర్లో పని ఎక్కువైందట, అక్క కుళాయి నీళ్ళే పోసిందట. ఆకులు ఈనెలు తప్ప అంతా పసుపుబారి ఉన్నాయి, తలకట్టు సగం బోడి. మిగతా చెట్లకి కొస బలంగా ఉంటుంది, దీనికి కింది కొమ్మలే బలం, తలే బలహీనం. ఈ లక్షణం మన బంధువుల్లో కూడా ఉందని నాన్న అనేవాడు.  అక్క చెట్టు దింపి, టీ తాగి, ఈసారైనా నీ దగ్గర పూస్తుందేమో చూడవే అని దీవించి వెళ్ళింది.

కాయలు తీసేశాను. వేళ్ళు కత్తిరిస్తే తట్టుకునే బలం కూడా లేదని, పైమట్టి మాత్రం చెక్కపుల్లతో కొద్దికొద్దిగా తీసి కొత్తది వేశాను. ఎండ ఎక్కువైతే పాత దుప్పటి అడ్డం కట్టాను. వానల్లో బకెట్లు మోశాను. అలిసిపోయి వచ్చిన రోజుల్లో దాన్ని చూస్తే చిరాకేసేది, చస్తే చావనీ అనిపించేది. అలా అనుకుని, మళ్ళీ లేచి వెళ్ళి మట్టి తడి చూసేదాన్ని. వానలు వెనకబట్టేసరికి ఆకులకి కాస్త రంగొచ్చింది. చలి మొదలయ్యేసరికి ప్రతి రెమ్మ కొసనా మొగ్గలు, మునుపెన్నడూ లేనన్ని. నాన్న చెప్పేవాడు, చావుకి భయపడిన చెట్టు కూడా ఎక్కువ మొగ్గ వేస్తుందని.

నాకు ఆ ఏడాది పూలు చూడాలనిపించింది. దాచుకోవడమెందుకు, ఏడుపొచ్చేంత చూడాలనిపించింది. పనినుంచి వచ్చి తలుపు తీయగానే నా బాల్కనీలో, నా ఇంట్లో, ఆ గులాబీ రంగు కనపడాలి. ఒక్కసారి చాలు. ఈసారి తుంచనని మా ఆయనతో చెప్పేశాను. మామగారు ఒప్పుకుంటారా అన్నాడు. ఆయన ఒప్పుకోకపోతే నాకేంటి అన్నాను.

తర్వాత వచ్చిన సెలవు రోజు పైకొమ్మని గోటితో గీకి చూశాను. లోపల పచ్చదనం లేదు, ఎండిన గోధుమ రంగే. పక్కదీ అంతే. మూడోదానికి మాత్రం సన్నటి పచ్చ గీత ఉంది. ఆ మొగ్గలన్నీ పూస్తే ఆ గీత ఉండదు. ఇలాంటప్పుడు ఒక ఏడాది విశ్రాంతి చాలదని, వరసగా రెండేళ్ళు తుంచాలని నాన్న చెప్పింది గుర్తుంది.  తర్వాత లోపలికెళ్ళి ట్వీజర్ తెచ్చుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మొదలుపెట్టాను.

సగమైందో లేదో అక్క వచ్చింది. మా ఆయన తలుపు తీసినట్టున్నాడు. పార్లర్ కర్టెన్లు నాచేత పొట్టి చేయించుకుందామని సంచీతో వచ్చిన మనిషి బాల్కనీ గుమ్మంలో ఆగిపోయింది. నా ఒళ్ళో పళ్ళెం నిండా మొగ్గలు.

"ఇన్నేళ్ళూ నువ్వే తుంచేస్తున్నావా?" అంది.  "అంత కుళ్ళా చిట్టీ నీకు?"

ఆ మాటతో నాలో ఏదో తెగింది. అరవలేదు, అరిచే ఓపిక లేదు. మొత్తం చెప్పాను. నాన్న ట్వీజర్, అలిగిన చెట్టు, పురుగు అబద్ధం, నేను తుంచిన ప్రతి ఏడాది తర్వాతా తన అద్దం ముందు పూసిన పూలు. అక్క సంచీ కింద పెట్టి గోడకి ఆనుకుని కూర్చుంది.  కాసేపటికి నా చేతిలోంచి ట్వీజర్ లాక్కుంది.

"ఇక ఆపు. మిగిలినవన్నా పూయనీ. నీ ఇంట్లో పూయనీ ఒకసారి."

ఎన్నేళ్ళుగానో ఆ మాట కోసం కాచుక్కూర్చున్నాను నేను. అది వచ్చేసరికి చెట్టు ఈ స్థితిలో ఉంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. పైకొమ్మ గీకిన చోటు చూపించాను. ఈ ఏడాది పూస్తే ఇక ఎప్పటికీ పూయదని చెప్పాను. వచ్చే ఏడాది కూడా తుంచాలనీ, అప్పుడు చెట్టు తన దగ్గరుంటుందనీ చెప్పాను.

అక్క తల అడ్డంగా ఊపింది. తనవల్ల కాదంది. చిన్నప్పటినుంచీ అది తనవల్ల కాదని నాకు తెలుసు కదా అంది. చలికాలంలో ఒక పూట నన్నే వచ్చి తుంచి వెళ్ళమంది. కావాలంటే చెట్టు ఆ ఏడాది కూడా నా దగ్గరే ఉంచుకోమంది. చెట్టుమీద ప్రేమతో అన్నదో, తప్పించుకోవడానికి అన్నదో దానికే తెలియాలి.

"నేను రానక్కా. ఉంచుకోను కూడా," అన్నాను. "నేనూ అలిసిపోయాను."

అక్క ట్వీజర్ పీట మీద పెట్టి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. కర్టెన్ల సంగతి అడగలేదు. మిగిలిన సగం నేనే తుంచాను.

ఎండాకాలం రాగానే చెట్టు తీసుకెళ్ళి అక్కకి అప్పగించాను. తలకట్టులో రెండు కొమ్మలు పోయాయి, మిగతాది బతికింది. వాన నీళ్ళ సంగతి, మొగ్గ ఎలా పట్టుకుని తుంచాలో ఆ సంగతి, అన్నీ చెప్పాను. అక్క ఊఁ కొట్టింది గానీ నా ముఖంలోకి చూడలేదు. టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఆ తర్వాత నా ఇంట్లో చెట్టు లేదు, బకెట్లు లేవు. సుఖంగా ఉండాల్సింది. ఎక్కడ సుఖం, వాన పడితే చాలు, అక్క నీళ్ళు పట్టిందా లేదా అని గుబులు. చలి మొదలయ్యాక మరీ పాడైంది. అక్క తుంచకపోతే పార్లర్లో ఇంకొక్కసారి పూస్తుంది, అందరూ మెచ్చుకుంటారు, తర్వాత చెట్టు పోతుంది. తుంచితే, ఎండాకాలంలో నా దగ్గరికొచ్చి, ఆపై ఏడాది నా బాల్కనీలో పూస్తుంది. ఈ రెంటి మధ్యా ఉన్నది మా అక్క చెయ్యి ఒక్కటే. ఫోన్ చేసి అడగాలని ఎన్నిసార్లు అనిపించిందో. బెట్టు అనుకోండి, బడలిక అనుకోండి, చెయ్యలేదు. మా ఆయన కూడా మామగారి ఊసెత్తడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం లాండ్రీలో తిండికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. అక్క.

"తుంచేశానే," అంది.

నేను అన్నం డబ్బా మూత పెట్టేసి బయటికొచ్చాను. అన్నీనా అని అడిగాను. అన్నీనట. కనుబొమ్మలు తీసే ప్లక్కర్‌తో తీసిందట. పార్లర్ తలుపు గడియ వేసుకుని కూర్చుందట, ముందే చెప్పి వస్తామన్నవాళ్ళు వచ్చి తలుపు కొట్టినా తీయలేదట. ఒక రెమ్మ విరిగింది, కింది కొమ్మదేలే, పర్వాలేదా అని అడిగింది. పర్వాలేదన్నాను.  అక్క ముక్కు ఎగబీల్చడం వినపడింది.

"ఏడుపు ఆగట్లేదే చిట్టీ. నీకూ ఇలాగే ఉండేదా?"

"మొదటిసారి బాగా ఏడ్చాను," అన్నాను. "తర్వాత్తర్వాత ఏడ్చే ఓపిక ఉండేది కాదు."

 అక్క ఫోన్ పెట్టేయలేదు. లోపల మిషన్ల చప్పుడుకి దాని ఏడుపు సరిగా వినపడక, ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని నేనూ అలాగే నిలబడ్డాను.