పిచ్చుక రాయల్

నీటి పంపులు చేసే షెడ్డులో నాన్న మొదటి కారు తయారుచేసినప్పుడు, అమ్మ గుమ్మంలో నిలబడి చూసి పిచ్చుకలా ఉందని నవ్వింది. నాన్న అదే పేరు పెట్టేశారు. రెండు తలుపులు, గుండ్రటి వీపు, కుట్టుమిషను లాంటి చప్పుడు. వానలో తడవకుండా ఇంటిల్లిపాదినీ ఇల్లు చేర్చడం తప్ప దానికి వేరే గొప్ప లేదు. ఆ ఒక్క గొప్పే చాలింది. నర్సులు, బడి పంతుళ్లు, మందుల కంపెనీల ఏజెంట్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు దానికోసం నెలల తరబడి ఎదురుచూసేవారు.

జీతాలు కాస్త పెరిగాక అదే జనం దాన్ని ఇంటిముందు నిలపడానికి నామోషీ పడ్డారు. పెళ్లిళ్లకు వెళితే వీధి చివర ఆపి, నడిచివచ్చినట్టు నటించేవారు. డీలర్లు వచ్చి మొత్తుకుంటే నాన్న చెప్పింది ఒకటే: "సిగ్గుపడేవాళ్లని వేరే కారు కొనుక్కోనివ్వండి. తడవకుండా ఇంటికెళ్లాలనుకునేవాళ్లు మనకి చాలు."

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. కంపెనీలో ఆయన కుర్చీలోకి అక్క మొగుడు, అంటే మా బావ, వచ్చాడు. అంతకుముందు ప్రకటనలు తయారుచేసే సంస్థలో పనిచేసేవాడు. సబ్బు నురగ గురించి గంటసేపు మాట్లాడి, చెయ్యి తడి కాకుండా లేచి వెళ్లగల మనిషి. ఫ్యాక్టరీకి విదేశీ కారులో వచ్చేవాడు. పిచ్చుకలో కూర్చుంటే మోకాళ్లు తగులుతాయనేవాడు. తగిలేది మోకాళ్లకు కాదు, పరువుకని బాడీ షాపులో రేకులు బిగించేవాళ్లు నవ్వుకునేవారు.

నేనప్పుడు కార్ల నమూనాలు గీసే డ్రాయింగ్ విభాగంలో ఉన్నాను. బావ చేసిన మొదటి పని నాన్న కుర్చీ మార్చడం. రెండో పని మా కారు కొనేవాళ్లను అసహ్యించుకోవడం. పిచ్చుక పేదరికం వాసన కొడుతోందని మీటింగులో అన్నాడు. ఆ వాసన పుణ్యానే తన ఇంట్లో గదికో ఏసీ నడుస్తోందని ఆయనకు ఎవరూ గుర్తుచేయలేదు. డీలర్లు తలలూపారు. ఆ వెంటనే పెద్ద హోటల్లో భోజనం ఉందని వాళ్లకు ముందే తెలుసు.

అలా పుట్టింది పిచ్చుక రాయల్. వెనక భాగం సాగదీశారు. ముందు వెండి రంగు జాలీ, లోపల చెక్కలా కనిపించే ప్లాస్టిక్, సోఫాల్లాంటి సీట్లు. ఇంజిను మాత్రం పాతదే. ఇంత బరువుతో ఎత్తు ఎక్కదని నేను చెబితే బావ జాలిగా నవ్వాడు.

"మన కస్టమర్లు ఇకమీదట గుట్టలెక్కే రకం కాదమ్మా," అన్నాడు.

పాత పిచ్చుక తయారీ ఆ నెలలోనే ఆపేయించాడు.

రాయల్‌ని జనానికి చూపించడానికి ఒక హోటల్ మాట్లాడారు. పోర్టికోకి వెళ్లే దారి కొంచెం ఏటవాలుగా ఉంది. కొంచెమే. ముందు సీట్లో ఒక బొద్దు డీలరు, వెనక ఇంకో బొద్దు డీలరు, ఆయన పక్కన కాలుమీద కాలేసుకుని బావ. కారు సగం దూరం ఎక్కి, మూలిగి, వెనక్కి జారింది. డ్రైవరు మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ జారింది. డీలర్లిద్దరూ దిగిపోయారు. బావ దిగలేదు. ఫొటోగ్రాఫర్లు ఉన్నారు కదా. వెయిటర్లు ట్రేలు పక్కనపెట్టి వెనకనుంచి తోస్తుంటే, కిటికీలోంచి చెయ్యి ఊపుకుంటూ పైకి వచ్చాడు.

పోర్టికోలో నా పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న నాన్న గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. ఊపిరాడడం లేదేమోనని వంగి చూశాను. నవ్వుతున్నారు. జబ్బుపడ్డాక ఆయన అలా నవ్వగా వినడం అదే మొదలు. అక్క మాత్రం నవ్వలేదు. మొగుడు చెయ్యి ఊపడం ఆపేదాకా చూస్తూ నిలబడింది.

ఆ ఫొటో మర్నాడు పేపర్లన్నింట్లోనూ వచ్చింది. రాయల్ కార్లు షోరూముల్లో దుమ్ముకొట్టుకుపోయాయి. ఉన్నవాళ్లకు పిచ్చుక అన్న పేరే రోత, లేనివాళ్లకు అది అందదు. పాత పిచ్చుక ఖాళీచేసిన చోట వేరే కంపెనీల చిన్న కార్లు హాయిగా సర్దుకున్నాయి. జనానికి అభిరుచి లేదని బావ తేల్చేశాడు. చివరికి ఒక పెద్ద కంపెనీ మమ్మల్ని కొనేసింది. వాళ్లకు షెడ్డు అక్కర్లేదు, మనుషులు అక్కర్లేదు, పేరొక్కటే కావాలి. బాడీ షాపు వాళ్లందరినీ ఇంటికి పంపారు. బావకు గౌరవ సలహాదారు పదవి ఇచ్చి, ఆయన్ని ఏ సలహా అడక్కుండా జాగ్రత్తపడ్డారు.

అక్క పెట్టె సర్దుకుని నాన్న దగ్గరకు వచ్చేసింది. రోడ్లమీద ఇంకా తిరుగుతున్న పాత పిచ్చుకల కోసం నేను విడిభాగాల దుకాణం పెట్టాను. అక్క రోజూ నాతోపాటు వచ్చి కూర్చునేది.

కొత్త యజమానులు ఆ పేరు తీసుకెళ్లి, మా వీధి మలుపు కూడా తిరగలేని ఒక జీపులాంటి కారుకి అతికించారు. దాన్ని విడుదల చేసేముందు బావ అక్కకు ఫోను చేశాడు. ఎలా ఉన్నావని అడగలేదు. ఎప్పుడొస్తావనీ అడగలేదు. వేదికమీద కుటుంబం కనిపిస్తే బాగుంటుందన్నాడు.

అక్క మొత్తం విని, గొంతు పెంచకుండా అంది: "మీకు కార్లు చేయడం ఎప్పుడూ ఇష్టం లేదండీ. కార్లోంచి దిగుతుంటే నలుగురూ చూడటం ఇష్టం. దిగాల్సిన రోజున ఆ దిగడం కూడా చేతకాలేదు మీకు. నేను రాను."

భార్యకు ఒంట్లో బాగోలేదని బావ వేదికమీద చెప్పాడట. ఏం జబ్బని ఎవరూ అడగలేదట. ఆ సమయానికి అక్క నా దుకాణంలో స్టూలెక్కి, ఒక ట్యూషన్ మాస్టారు తెచ్చిన విరిగిన తలుపు పిడికి జత వెతుకుతోంది.