ముఖం లేని పాట

నేను ఒక కెమెరాను. సగం జీవితం పెళ్ళి పందిళ్ళలో, మిగతా సగం కాలేజీలో గడిపినదాన్ని. ఏదో దూరదేశపు కర్మాగారంలో తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒకామె నా అద్దం తుడిచి, ఎదురుగా ఉన్న గోడను ఒక ఫొటో తీసి చూసుకుని, డబ్బాలో పెట్టి మూసేసింది. నేను మళ్ళీ కళ్ళు తెరిచింది సిరిసిల్లలో, చంద్రమౌళి ఫొటో స్టూడియోలో.

చంద్రమౌళి నాతో తొమ్మిదేళ్ళు పెళ్ళిళ్ళు తీశాడు. కట్టిన తాళినే నాకోసం మళ్ళీ కడుతున్నట్టు నటించిన పెళ్ళికొడుకులను ఎందరినో చూశాను. అలిగి కూర్చున్న మేనమామలు నేను ఎదురుపడగానే నవ్వేవారు. నేను పక్కకు తిరిగితే మళ్ళీ అలిగేవారు. ఆయన కొత్త కెమెరా కొనుక్కున్నాక, తన చెల్లెలు సువర్చల పాఠాలు చెప్పే మహిళా డిగ్రీ కాలేజీకి నన్ను ఇచ్చేశాడు.

ఆ ఏడాది సువర్చల మేడం డిజిటల్ మీడియా తరగతికి ఒక పని అప్పగించింది. పిల్లలే పాట రాసి, పాడి, దానికి వీడియో చేయాలి. జిల్లా పోటీకి పంపుతారు. నేను తస్లీమా చేతికి వచ్చాను. పాట రాసిందీ పాడిందీ ఆమె స్నేహితురాలు ఆడెపు వైశాలి. రోజంతా సాంచెల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, నిలబడి పనిచేసే తండ్రి మీద కట్టిన పాట అది. ఫోన్‌లో రికార్డు చేసిన ఆ గొంతును తస్లీమా ఇయర్‌ఫోన్లలో మళ్ళీ మళ్ళీ విన్నది.

చిక్కు మరునాడు వచ్చింది.

"మా బాపు పాడమన్నడు గని, వీడియోల మొఖం కనవడొద్దన్నడు," అంది వైశాలి.

మూడేళ్ళ కిందట ఆమె పెద్దనాన్న కూతురి ఫొటోకు ఎవరో పాడుమాటలు తగిలించి ఫోన్లలో ఊరంతా పంపారు. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయింది. తన బిడ్డ చదువు కూడా అలా ఆగిపోతుందేమోనని తండ్రి దశరథం భయం. అందులో తప్పేముంది? ఫొటో తీయడం వరకే నా పని. అది తర్వాత ఎవరి చేతిలో పడుతుందో నాకూ తెలియదు.

"అయితే నువ్వు పాడు. మన క్లాసు నవ్యతోని పెదాలు కదిలిపిద్దాం. ఎవరికి తెలుస్తది?" అంది తస్లీమా.

"నా గొంతుకు ఇంకొకల్ల మొఖం వద్దే," అంది వైశాలి.

దాంతో నేను ముఖాలు వదిలేసి చేతులు చూడడం నేర్చుకున్నాను. దశరథం పనిచేసే షెడ్డుకు వెళ్ళాం. తెగిన పోగును ఆయన వేళ్ళు వెతికి ముడివేయడం తీశాను. ఆరేసిన తెల్లగుడ్డ మీద వైశాలి నీడను, ఆమె జడను, మెట్లెక్కే పాదాలను తీశాను. తస్లీమా సాంచె చప్పుడును రికార్డు చేసి, కంప్యూటర్లో ముక్కలు చేసి, పాటకు దాన్నే తాళంగా అమర్చింది. చప్పుడు పడిన చోటల్లా దృశ్యం మారేలా రెండు వారాలు కూర్చుని కత్తిరించింది.

పోటీకి పంపే ముందు కాలేజీ సెమినార్ హాల్లో తల్లిదండ్రులకు వీడియో వేశారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని దశరథం ముందు వరుసలో కూర్చున్నాడు. పాట అయిపోగానే హాలంతా చప్పట్లు. ఆయన మాత్రం కూతురి వైపు తిరిగాడు.

"సప్పుడు వస్తుంది గని మాట సమజైతలేదు బిడ్డా. నీ మొఖం లేకుంటే నాకు పాటెట్ల తెలుస్తది?"

ముప్పై ఏళ్ళ సాంచెల మోత ఆయన చెవులను తినేసింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. ఇంత పెద్ద స్పీకర్లలో వినబడుతుందిలే అనుకుంది వైశాలి. అడిగాక ఆయనకు తన షరతు గుర్తొచ్చినట్టుంది, తల దించుకున్నాడు.

"మేడం, ఇంకొక్కసారి వేయుండ్రి," అని వైశాలి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. తస్లీమా నన్ను పైకెత్తి, ఆగి, దశరథాన్ని చూసింది. ఆయన తీసుకొమ్మన్నట్టు తల ఊపాడు.

పాట మొదలైంది. తెర వెలుగు ముఖం మీద పడుతుండగా వైశాలి తన గొంతుతో తనే కలిసి పాడింది. ఆయన కళ్ళు ఆమె పెదాలను వదల్లేదు. 'సాంచె ఆగితెనే మా బాపు కూసుంటడు' అన్న చోట ఆయన చేయి వచ్చి ఆమె తల మీద ఆనింది. నా ముందు నవ్వు తెచ్చిపెట్టుకునే వాళ్ళనే ఎక్కువగా చూశాను. ఆయన నేనున్న సంగతే మరిచిపోయాడు.

"గిది నాకియ్యుండ్రి. నాకొక్కనికే," అన్నాడు తస్లీమాతో, కళ్ళు తుడుచుకుంటూ.

వీడియోలు రెండయ్యాయి. ముఖం లేనిది పోటీకి వెళ్ళింది. బహుమతి రాలేదు. గాయని కనిపించి ఉంటే ఇంకా బాగుండేదని న్యాయనిర్ణేతలలో ఒకరు రాశారట. ముఖం ఉన్నది దశరథం ఫోన్‌లోకి వెళ్ళింది.

నిరుడు నా షట్టర్ విరిగింది. బాగుచేసే భాగాలు ఇప్పుడు దొరకవట. కెమెరా ఎలా పట్టుకోవాలో మొదటి ఏడాది పిల్లలకు నేర్పడానికి నన్ను బీరువాలోంచి తీస్తుంటారు. కొందరు నన్ను తలకిందులుగా పట్టుకుంటారు. నేనేమీ అనుకోను.

కరీంనగర్‌లో ఎడిటింగ్ ఉద్యోగం చేస్తున్న తస్లీమా మొన్న మేడాన్ని చూడడానికి వచ్చింది. వైశాలి పీజీలో చేరిందట. ఆ కబురు చెప్పడానికి వైశాలి షెడ్డుకు వెళ్తే, దశరథం పని చేసుకుంటూనే, సాంచె పక్కన నిలబెట్టిన ఫోన్ వైపు చూస్తున్నాడట. షెడ్డులో సాంచెలన్నీ నడుస్తున్నాయి. ఇంత మోతలో ఏం చూస్తున్నావని పక్క సాంచె మీద పనిచేసే ఆయన సైగ చేసి అడిగాడట.

"చూస్తలేనన్నా," అన్నాడట దశరథం. "మా బిడ్డ పాట వింటున్న."