తేనెటీగల వంతు

సాయంత్రం పొద్దు వాలుతుందనగా సింగపూరు యీషున్‌లోని ఆ బ్లాకు తొమ్మిదో అంతస్తులో వరండాలో ఆరేసిన బట్టలన్నీ ఇళ్ళలోకి వెళ్ళిపోతాయి. వాన వస్తుందని కాదు, కుమారమ్మ పాడే వేళయిందని. ఆవిడ గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బుగ్గన వక్కాకు పెట్టుకుని, తల్లి నేర్పిన తేనెపాట ఎత్తుకుంటుంది. రెండో చరణానికల్లా తేనెటీగలు వస్తాయి. ఆవిడ తలమీదా భుజాలమీదా చీర కుచ్చిళ్ళమీదా వాలి, పాట అయ్యేదాకా ఉండి వెళ్ళిపోతాయి. ఎవరినీ కుట్టవు. తడిబట్టల మీద వాలితే మాత్రం పసుపు మరకలు పడతాయి, అందుకే బట్టలు తీసేయడం. ఎప్పుడైనా అవి రావడం కాస్త వెనకాముందైతే పక్కింటి టాన్ అంకుల్ తలుపు తీసి, “ఆంటీ, టుడే బీస్ లేట్ లా!” అంటాడు, అక్కడివాళ్ళ అలవాటు కొద్దీ చివర ‘లా’ తగిలించి, బస్సు గురించి చెప్పినట్టు.

కుమారమ్మ వాళ్ళు మన్యం కొండల మనుషులు. ఎప్పుడో ఆవిడ తాతను ఒక మేస్త్రీ కూలీలతో పాటు ఓడెక్కించి మలయా దేశంలో జొహోర్ రబ్బరు తోటలో దింపాడు. కొండలు అక్కడే ఉండిపోయాయి, తేనె తీసే పనీ అక్కడే ఉండిపోయింది. పాట మాత్రం వెంట వచ్చింది. తేనెపట్టు మీద చెయ్యి వేసేముందు ఈగలను అనుమతి అడిగే పాట అది. కుమారమ్మ చిన్నపిల్లగా ఉండగానే తల్లి ఆ తోటలో జ్వరం తగిలి పోయింది. తరవాత పెళ్ళి, నేవల్ బేస్‌లో పనిచేసే మొగుడు, సింగపూరు, ఈ ఫ్లాటు. ఎక్కడున్నా ఆవిడ సాయంత్రం పాట మానలేదు, ఈగలు రావడమూ మానలేదు.

మనవరాలు ధనశ్రీ దగ్గరికి మాత్రం ఒక్క ఈగ కూడా రాలేదు.

ధనశ్రీ గాయని. మామూలు గాయని కాదు, పాటలు తనే రాసి తనే కడుతుంది. ఉగాది వేడుకల్లో సినిమా పాటలతో మొదలుపెట్టి, గిటారు నేర్చుకుని, నది ఒడ్డు హోటళ్ళలో ఇంగ్లీషు పాటలు పాడి, చివరికి అమ్మమ్మ పాట దగ్గరికే వచ్చింది. ఆ పాటలో మూడో చరణం అయ్యాక అమ్మమ్మ కాసేపు ఆగుతుంది. వక్కాకు ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చుకోవడానికనీ, అక్కడి చరణం పాపం ఏనాడో మరిచిపోయిందనీ ధనశ్రీ అనుకుంది. ఆ ఖాళీలో, కాలేజీ రోజుల్లో, తనే ఒక చరణం రాసి పెట్టింది. ఓడ మీద నిలబడి, కనబడకుండా పోయిన కొండను వెతుక్కునే పిల్ల గురించి. ధనశ్రీకి పేరు తెచ్చింది ఆ చరణమే. ఏ కచేరీలోనైనా జనం కళ్ళు తుడుచుకునేది అక్కడే.

ఆ సమయంలో ధనశ్రీ మాత్రం హాలు కిటికీల వైపు చూసేది. అమ్మమ్మ తరవాత ఈగలు ఎవరి దగ్గరికి వస్తాయి? ఎవరి దగ్గరికీ రాకపోతే ఆ పాట ఇంక ఎవరి కోసం? ధనశ్రీ తల్లికి పాట అబ్బలేదు. మిగిలింది తనొక్కతే. నలభై దాటినా ఆ బెంగ తీరలేదు సరికదా, అమ్మమ్మ గొంతు సన్నబడుతున్నకొద్దీ పెరిగింది.

అందుకే ఈసారి తమ ఆదివాసీ మూలాల పాటలతోనే ఆల్బం చేసింది. విడుదలకు పంపడానికి ఇంకొక్క రోజు ఉందనగా తనుండే బిషాన్ నుంచి రైలెక్కి అమ్మమ్మ దగ్గరికి వచ్చి, హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు తగిలించింది.

“నీ పాటే అమ్మమ్మా. ఉన్నది ఉన్నట్టు.”

కుమారమ్మ తల ఊపుతూ వింది. మూడో చరణం అయింది. తల ఆగింది. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇదెవుల చరనవే?”

“నాదే. ఎప్పటినుంచో పాడుతున్నాను కదా.”

“పాడతన్నావు. అది నీ పాటనుకున్నాను, బాగుందనే అన్నాను. ఇప్పుడు నా పాటంటన్నావు. నా పాటైతే అక్కడ నువ్వెందుకు పాడతావు? అది ఆటి వంతు.”

“వేటి వంతు?”

“ఈగలది. పట్టంతా పిండుకొచ్చెత్తారేటి ఎవులైనా? ఆటికో ముక్క ఒగ్గీసి రావాల. పాటైనా అంతే. ఓ చరనం ఆటికొగ్గీసి నోరు మూసుకోవాల.”

“నువ్వు వక్కాకు మార్చుకోడానికి ఆగుతావనుకున్నాను,” అంది ధనశ్రీ.

“నోరు కాళీగుంటాది కదా, మారస్తాను,” అని కుమారమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది.

ధనశ్రీకి నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ ఈగల నోటికాడి ముద్ద లాక్కుని, మళ్ళీ అవి రాలేదని అలిగింది. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ బాధేసింది, తీసేయాల్సింది తను రాసినవాటన్నిటిలోకీ మంచి చరణం కాబట్టి.

రికార్డింగు చూసే సిద్ధార్థకు ఫోన్ చేస్తే అతను కంగారుపడ్డాడు. “అక్కా, ఆర్ యూ సీరియస్? అందరూ వెయిట్ చేసేదే దానికోసం. అక్కడ ఖాళీ వదిలితే ఫోన్ హ్యాంగ్ అయిందనుకుంటారు లా!”

“అనుకోనీ. రేపు సాయంత్రం మైకు పట్టుకుని యీషున్ రా.”

మర్నాడు వరండాలో బట్టలు లోపలికి వెళ్ళిపోయాయి. కుమారమ్మ కుర్చీలో కూర్చుంది గానీ పాట ఎత్తుకోలేదు. గిటారుతో నిలబడింది ధనశ్రీ. మొదటి చరణం, రెండో చరణం. ఏమీ రాలేదు. టాన్ అంకుల్ గుమ్మంలోంచి ఆకాశం వంక చూశాడు గానీ లేటని అనలేదు. మూడో చరణం అయింది. ఓడ చరణం అలవాటుగా నాలుక చివరికి వచ్చి నిలబడింది. ధనశ్రీ పెదవులు బిగించింది. కింద లిఫ్టు గంట మోగింది. ఎవరింట్లోనో చేప వేగుతోంది. దూరంగా రైలు వెళ్ళింది. ఇంత ఖాళీని మోయడం ఆమె వల్ల కాలేదు, కళ్ళు మూసుకుంది.

ముందు గిటారు మీద వాలాయి. తరవాత వేళ్ళమీద, జుట్టులో, కనురెప్పల పక్కన. అన్నీ కలిసి ఆమె ఆపిన శ్రుతిలోనే ఒక చరణమంత సేపు పాడి ఊరుకున్నాయి. “లెవెల్ కొంచెం తగ్గిస్తానక్కా,” అన్నాడు సిద్ధార్థ మెల్లగా. ధనశ్రీ చెంపలు తడుస్తుండగా ఆఖరి చరణం పాడి ముగించింది.

 కుమారమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది.

“మా యమ్మ పోయినాక ఈ పాట ఇంకొకులు పాడితే ఇనడం ఇదే. ఇన్నాళ్ళూ నానే పాడుకున్నాను కదా. ఇంటే ఎలగుంటాదో మర్సిపోనాను.”

ఆల్బం వచ్చాక ఓడ చరణం ఏదని అడిగినవాళ్ళున్నారు, ఫోన్ తట్టి చూసుకున్నవాళ్ళూ ఉన్నారు. ధనశ్రీ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. బిషాన్ ఇల్లు ఖాళీ చేసి అమ్మమ్మ దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు సాయంత్రాలు ఆ గుమ్మం బయట రెండు కుర్చీలుంటాయి. ధనశ్రీ పాడుతుంది. కుమారమ్మ వింటుంది. మూడో చరణం అయ్యాక ధనశ్రీ ఆగుతుంది, ఈగలు అందుకుంటాయి, కుమారమ్మ వక్కాకు ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చుకుంటుంది.